'జంజీర్'కు ముందు అమితాబ్ బచ్చన్‌కు నిజంగా వరుసగా పన్నెండు ఫ్లాపులు వచ్చాయా?

మీరు ముఖ్యంగా అడిగినవి రెండు ప్రశ్నలు. 1973లో 'జంజీర్' విడుదలయ్యే నాటికి అమితాబ్ బచ్చన్ వరుసగా పన్నెండు పరాజయాలు చూశారన్న మాట నిజమేనా అన్నది మొదటిది. నిజమే అయితే, అన్ని చిత్రాలు పోయిన నటుడికి పదమూడో అవకాశం ఎవరు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అన్నది రెండోది. హిందీ సినిమా మీద వ్యాసం రాస్తున్నానన్నారు కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

సూటిగా చెప్పాలంటే, కథానాయకుడిగా ఆయన పేరు చూపించి అమ్మిన చిత్రాలను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఆ మాట చాలా వరకు నిజం. నటుడిగా ఆయన చేసిన పని మొత్తాన్ని చూస్తే అది నిజం కాదు. ఆ పన్నెండు అనే అంకె కూడా ఒక్కొక్కరి లెక్కలో ఒక్కో రకంగా ఉంటుంది. అతిథి పాత్రలను, సహాయ పాత్రలను, ప్రతినాయక పాత్రను కలిపితే ఒక సంఖ్య వస్తుంది, తీసేస్తే మరో సంఖ్య వస్తుంది. 'ఆనంద్' లాంటి ఘనవిజయం, 'బాంబే టు గోవా' లాంటి చక్కగా ఆడిన చిత్రం ఆ నాలుగేళ్ల మధ్యలోనే ఉన్నాయి కాబట్టి 'వరుసగా' అన్న మాట అసలే నిలబడదు. రెండో ప్రశ్నకు జవాబు ఏమిటంటే, ఆయన చిత్రాలు పోతున్నప్పుడు కూడా ఆయన పని చూసినవాళ్లలో కొందరికి ఒక విషయం స్పష్టంగా కనిపించింది. ఈ నటుడిని అందరూ తప్పు పాత్రల్లో పెడుతున్నారన్నదే ఆ విషయం.

నేను హైదరాబాదులో హిందీ చిత్రాల పంపిణీ కార్యాలయాల్లో డెబ్బైల చివరి నుంచి పనిచేసినవాడిని. నిజాం ఏరియాకు బొంబాయి నుంచి వచ్చే చిత్రాల బుకింగ్, థియేటర్ల లెక్కలు, రోజువారీ వసూళ్ల పట్టీలు చూడడం నా పని. అందుచేత నటన గురించి విమర్శకులు చెప్పేదానికంటే, ఆ నటుడి పేరు మీద డబ్బు ఎలా నడిచిందన్న వైపు నుంచే ఎక్కువగా చెప్పగలను.

ముందుగా ఆయన ఎక్కడ మొదలయ్యారో చూడాలి. 1942 అక్టోబరు 11న అలహాబాదులో పుట్టిన అమితాబ్, ప్రసిద్ధ హిందీ కవి హరివంశరాయ్ బచ్చన్ పెద్ద కుమారుడు. నైనితాల్‌లోని షేర్‌వుడ్ కళాశాలలోను, ఢిల్లీలోని కిరోడీమల్ కళాశాలలోను చదువుకుని, కలకత్తాలో కొన్నేళ్లు ఉద్యోగం చేసి, దాన్ని వదులుకుని బొంబాయి చేరారు. ఆకాశవాణిలో వ్యాఖ్యాత ఉద్యోగానికి ప్రయత్నించి ఎంపిక కాలేదని ఆయనే పలుమార్లు చెప్పుకున్నారు. అదే గొంతును 1969లో మృణాల్ సేన్ తన 'భువన్ షోమ్'లో వ్యాఖ్యానానికి వాడుకున్నారు. పేర్ల పట్టికలో ఇంటిపేరు లేకుండా 'అమితాబ్' అని మాత్రమే వేశారు. అంటే తెర మీద ముఖం కనిపించకముందే ఆయన గొంతు ప్రేక్షకుల దగ్గరికి చేరింది.

తొలి చిత్రం 'సాత్ హిందుస్తానీ' 1969 నవంబరులో విడుదలైంది. దర్శకుడు ఖ్వాజా అహ్మద్ అబ్బాస్. గోవాను పోర్చుగీసు పాలన నుంచి విడిపించే పోరాటంలోకి దిగిన ఏడుగురి కథ అది. ఈ కుర్రవాడు ఫలానా కవి కుమారుడని తెలిశాక, తండ్రికి కబురు పంపి ఆయన సమ్మతి తెలుసుకున్న తరువాతే అబ్బాస్ ఒప్పందం ఖాయం చేశారు. ఐదు వేల రూపాయల పారితోషికం. జాతీయ సమైక్యతకు ఇచ్చే జాతీయ పురస్కారం ఆ చిత్రానికి దక్కింది, కైఫీ ఆజ్మీకి ఉత్తమ గీత రచయిత పురస్కారం వచ్చింది, కానీ థియేటర్లలో ఆడలేదు. నిజానికి అది కథానాయకుడి బలం మీద నడిచే చిత్రమే కాదు. ఏడుగురిలో ఒకరిగా నటించిన కొత్త కుర్రవాడి ఖాతాలో దాని నష్టాన్ని వేయడం న్యాయం కాదు. కానీ 'పన్నెండు ఫ్లాపుల' లెక్క మొదలయ్యేది అక్కడి నుంచే.

అదే 1969లో 'ఆరాధన' వచ్చింది. రాజేశ్ ఖన్నా పేరు దేశమంతా మారుమోగిపోయింది. ఈ విషయాన్ని పక్కన పెట్టి అమితాబ్ తొలి దశను అర్థం చేసుకోవడం సాధ్యం కాదు. తరువాతి రెండు మూడేళ్లు హిందీ నిర్మాతలందరూ ఆ అచ్చులోనే కథానాయకులను పోయాలని చూశారు. మెత్తని చూపు, చెంప మీద చిరునవ్వు, కొండ దారిలో పాట, అమ్మాయి వెనుక తిరిగే ప్రేమికుడు కావాలి. ఆరడుగులు దాటిన ఎత్తు, బక్కపలచని ఒళ్లు, లోతైన గొంతు, నవ్వు రాని కళ్లు ఉన్న మనిషిని తీసుకొచ్చి ఆ అచ్చులో కూర్చోబెట్టారు. 1972లో వచ్చిన 'బన్సీ బిర్జూ', 'ఏక్ నజర్' రెండింటిలోను పక్కన జయా భాదురీ ఉన్నారు. ఆమె అప్పటికే 'గుడ్డీ'తో ప్రేక్షకుల అభిమానం పొందిన నటి. అయినా ఆ చిత్రాలు నిలబడలేదు. 'రాస్తే కా పత్థర్' నిలబడలేదు. 1973లో దొంగగా, కవిగా రెండు పాత్రలు వేసిన 'బంధే హాథ్'లో నాటి అగ్రతార ముంతాజ్ నాయికగా ఉన్నా గట్టెక్కలేదు.

మద్రాసు వైపు నుంచి వచ్చిన అవకాశాల సంగతి కూడా మీ వ్యాసంలో తప్పక రాయండి, ఎందుకంటే మన పాఠకులకు అది దగ్గరి విషయం. 'ప్యార్ కీ కహానీ' దర్శకుడు రవికాంత్ నగాయిచ్. 'సీతారామ కల్యాణం'లో రావణుడి దృశ్యాలను ట్రిక్ ఫొటోగ్రఫీతో తీసిన ఛాయాగ్రాహకుడు ఆయనే. 'సంజోగ్' జెమినీ వారి చిత్రం, ఎస్.ఎస్. బాలన్ దర్శకత్వం, తమిళ 'ఇరు కోడుగళ్'కు హిందీ రూపం. అదే కథ తెలుగులో జమున, జగ్గయ్యలతో 'కలెక్టర్ జానకి'గా వచ్చింది. ఆ కథ తెలిసినవాళ్లకు ఇక వివరించనక్కర్లేదు. కలెక్టరు అయిన మొదటి భార్య చుట్టూ తిరిగే కథలో, ఆమె కార్యాలయంలోనే గుమాస్తాగా తల వంచుకుని కూర్చునే భర్త పాత్రలో ఏ కొత్త నటుడూ పైకి రాలేడు. 'బాంబే టు గోవా' కూడా తమిళ 'మద్రాస్ టు పాండిచ్చేరి' నుంచి వచ్చినదే. శ్రీధర్ తీసిన 'గహరీ చాల్'లో అమితాబ్ హేమమాలినికి అన్నగా కనిపిస్తారు, నాయకుడు జితేంద్ర. తరువాతి రోజుల్లో హేమమాలిని సరసన ఎన్నో చిత్రాల్లో నాయకుడిగా నటించిన మనిషి ఒకప్పుడు ఆమెకు అన్నగా వేయడానికి ఒప్పుకున్నారంటేనే ఆయన అప్పటి స్థితి మనకు తెలుస్తుంది.

ఇక రెండో వైపు. ఇవే సంవత్సరాల్లో ఆయనను గమనించేలా చేసిన చిత్రాలన్నిటిలోను ఒక పోలిక ఉంది: ఏ ఒక్కదానిలోను ఆయన రాజేశ్ ఖన్నా తరహా ప్రేమికుడు కాడు.

1971లో హృషీకేశ్ ముఖర్జీ తీసిన 'ఆనంద్' తీసుకోండి. మరణం ముంచుకొస్తున్నా నవ్వుతూ మాట్లాడే ఆనంద్‌గా రాజేశ్ ఖన్నా చిత్రమంతా పరుచుకున్నారు. ఆయన పక్కన అమితాబ్ వేసిన డాక్టర్ భాస్కర్ బెనర్జీ ఎక్కువగా మౌనంగానే ఉంటాడు. పేదల బస్తీల్లో రోగులను చూసి వచ్చి, మందు రాయగలం గాని తిండి ఎక్కడి నుంచి తెచ్చి పెట్టగలమన్న కోపాన్ని లోపలే దాచుకుని తిరిగే మనిషి. చివరి ఘట్టాన్ని ఈసారి అమితాబ్ వైపు నుంచి చూడండి. మిత్రుడి ప్రాణం పోయింది. భాస్కర్ ముందు ఏడవడు. ఇన్నాళ్లు వాగి వాగి నా ప్రాణం తీశావు, ఇప్పుడు మాట్లాడవేం అన్నట్టుగా శవాన్ని గద్దిస్తాడు. దుఃఖం కోపంగా బయటికి వస్తుంది. ఆ వెంటనే టేపు రికార్డరులో నుంచి చనిపోయిన మనిషి గొంతు వినిపిస్తుంది. చిత్రమంతా మూసిపెట్టి ఉంచిన గొంతు ఆ ఒక్క చోట తెరుచుకోవడం వల్లనే ఆ ఘట్టం అంత బలంగా తగులుతుంది. దానికి ఆయనకు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ సహాయ నటుడి పురస్కారం వచ్చింది. 'ఆనంద్' విడుదలైన రోజు ఉదయం పెట్రోలు బంకులో తనను ఎవరూ పట్టించుకోలేదని, అదే రోజు సాయంత్రం మళ్లీ వెళితే జనం గుర్తుపట్టారని ఆయన చెప్పుకున్న సంగతి చాలామందికి తెలుసు. వరుస పరాజయాల్లో మునిగిన నటుడి అనుభవం కాదు కదా అది.

అదే ఏడాది 'పర్వానా'లో ప్రేమ విఫలమై హంతకుడిగా మారే చిత్రకారుడి పాత్ర. రైల్లో ప్రయాణం చేస్తున్నట్టు సాక్ష్యం ఏర్పాటు చేసుకుని, మధ్యలో దిగి, విమానంలో వెళ్లి హత్య చేసి, తిరిగి వచ్చి అదే రైలు అందుకుంటాడు. ఆ భాగమంతా మాటలు చాలా తక్కువ. గడియారం చూసుకుంటూ, మనుషుల మధ్య నుంచి తలవంచుకుని నడిచే ఆ పొడవాటి మనిషి మీద నుంచి చూపు తిప్పుకోలేం. సునీల్ దత్ 'రేష్మా ఔర్ షేరా'లో ఆయనది మూగవాడి పాత్ర. అంతటి గొంతు ఉన్నవాడికి ఒక్క మాట లేకపోవడం అన్యాయమే గాని, కళ్లతో ఎంత చెప్పగలడో ఆ పాత్ర చూపించింది.

'గుడ్డీ' విషయంలో ఒక సంగతి చేర్చాలి. దానిలో జయ సరసన నటించడానికి హృషీకేశ్ ముఖర్జీ తొలుత అనుకున్నది అమితాబ్‌నే. కథానాయకుడు ప్రేక్షకులకు కొత్త ముఖంగా ఉండాలని, 'ఆనంద్'తో ఈయన ముఖం పరిచయమైపోతుందని భావించి ఆ పాత్రను సమిత్ భంజకు ఇచ్చారు. అంటే ఒక మంచి పాత్ర ఆయన ఓడిపోయినందువల్ల కాక, నలుగురి కళ్లలో పడినందువల్ల చేజారింది. అవకాశాలు రావడం, పోవడం అన్నది పైనుంచి చూసినంత సూటిగా ఉండదు.

ఇప్పుడు డబ్బు సంగతి. అప్పట్లో హిందీ నిర్మాత చిత్రం పూర్తిగా తన సొంత డబ్బుతో తీసేవాడు కాదు. బొంబాయి, ఢిల్లీ-యూపీ, తూర్పు పంజాబ్, బెంగాల్, నిజాం, మైసూరు అంటూ దేశాన్ని ఏరియాలుగా విడగొట్టి, ఒక్కో ఏరియా హక్కులను పంపిణీదారుకు ముందే అమ్మి, వాయిదాల మీద వచ్చే ఆ డబ్బుతోను, హుండీల (వడ్డీ వ్యాపారుల అప్పు పత్రాల) మీద తెచ్చిన అప్పుతోను షూటింగ్ నడిపేవాడు. కథానాయకుడి గత చిత్రం పోతే పంపిణీదారు చేసే మొదటి పని వాయిదా ఆపడం. వాయిదా ఆగితే షూటింగ్ ఆగుతుంది. షూటింగ్ ఆగితే వడ్డీ పెరుగుతుంది, నాయిక తేదీలు వేరేవాళ్లకు పోతాయి, సెట్టు తీసేస్తారు. ఏడాదిలో కావలసిన చిత్రం మూడేళ్లకు బయటికి వచ్చి, అప్పటికి మారిపోయిన ప్రేక్షకుల అభిరుచి ముందు బోల్తా పడుతుంది. అది మళ్లీ ఆ నటుడి పేరు మీద మరో పరాజయంగా రాసుకుంటారు. నేను పనిచేసిన కాలంలో ఈ చక్రంలో ఇరుక్కున్న నటులను ఎంతోమందిని చూశాను. వాళ్లలో ప్రతిభ లేనివాళ్లు తక్కువ.

ఈ చక్రం వల్ల ఇంకో పని కూడా జరుగుతుంది. ఒక చిత్రం ఘనవిజయం సాధించగానే, ల్యాబుల్లో ఆగిపోయి ఉన్న ఆ నటుడి పాత చిత్రాలన్నీ ఒక్కసారిగా బయటికి వస్తాయి. ఎనభైల్లో ఒక హిందీ నటుడి విషయంలో నేను దగ్గరుండి చూశాను. ఒక పెద్ద విజయం తరువాత ఆరు నెలల్లో ఆయన పాత బాకీల్లాంటి చిత్రాలు వరుసగా దిగాయి. మొదటిదానికి వచ్చిన జనం రెండోదానికి సగమయ్యారు, మూడోదానికి థియేటరు వాళ్లు మొదటి వారంలోనే హోల్డ్ ఓవర్ (చిత్రం కొనసాగడానికి రావలసిన కనీస వసూలు) లెక్క చూపించి తీసేశారు. ఆ విజయం తెచ్చిన మంచిపేరంతా అందులోనే కరిగిపోయింది. అందుకే విడుదల తేదీల వరుస చూసి ఒక నటుడి ఎదుగుదలను లెక్కగట్టకూడదు. ఏ చిత్రానికి ఎప్పుడు ఒప్పందం జరిగింది, ఏ ధరకు జరిగింది అన్నదే అసలు చరిత్ర. మీ వ్యాసానికి నేనివ్వగల ముఖ్యమైన సలహా ఇదే.

అలాంటి దశలో ఆయనను నిలబెట్టింది ఎవరు? కుటుంబానికి ఉన్న పేరు, నెహ్రూ కుటుంబంతో ఉన్న పరిచయం కొన్ని తలుపులు తెరిచాయి. దాన్ని దాచనక్కర్లేదు. కానీ తలుపు తెరుచుకున్న తరువాత లోపల నిలబెట్టింది మాత్రం పనిలో తోడున్నవాళ్లు. 'సాత్ హిందుస్తానీ'లో సహనటుడైన అన్వర్ అలీతో స్నేహం, ఆ స్నేహం వల్ల అతని అన్న మెహమూద్ ఇంట్లో దొరికిన ఆశ్రయం చాలా పెద్ద విషయాలు. బొంబాయిలో అద్దె కట్టలేక, వచ్చిన ఏ పాత్రనైనా ఒప్పుకోవలసిన స్థితిలో పడకుండా కాపాడేది ఆ నీడే. మెహమూద్ 'బాంబే టు గోవా'లో నాయక పాత్ర కూడా ఇచ్చారు. ఆ బస్సు డ్రైవరు పేరు రాజేశ్, కండక్టరు పేరు ఖన్నా. ఆ రోజుల్లో ఆ పేరు ఎంతగా ఊరేగిందో చెప్పడానికి ఇంకేం కావాలి? అయితే ఆ చిత్రంలోని ఒక చిన్న ముక్క చరిత్రను మలుపు తిప్పింది. ఒక పోరాట ఘట్టంలో దెబ్బ తిని కిందపడిన అమితాబ్, లేస్తూ కూడా నోట్లోని చూయింగ్ గమ్ నములుతూనే ఉంటారు. రచయితలు సలీం-జావేద్‌లలో ఒకరైన జావేద్ అఖ్తర్ ఆ ముక్కను గుర్తుంచుకున్నారు. దెబ్బ తిన్నా లెక్క చేయని ఆ నిబ్బరమే తమ దగ్గరున్న కథకు కావలసిందని వాళ్లకు తోచింది.

ఆ కథ 'జంజీర్'. దర్శక నిర్మాత ప్రకాశ్ మెహ్రా దగ్గరికి రాకముందు అది ధర్మేంద్ర చేతిలో ఉంది. తరువాత దేవ్ ఆనంద్, రాజ్ కుమార్ లాంటి పేరున్నవాళ్ల దగ్గరికి వెళ్లింది, ఎవరితోనూ కుదరలేదు. దీనిలో నాయకుడు నవ్వడు, ప్రేమ పాట పాడడు. చిత్రంలో పాటలున్నా వాటిలో ఒక్కదానికి కూడా ఇన్‌స్పెక్టర్ విజయ్ పెదవి కదపడు. పాటల మీదే చిత్రాలు అమ్ముడయ్యే రోజుల్లో ఏ అగ్రనటుడికైనా ఇది భయపెట్టే సంగతే. ముంతాజ్ తప్పుకున్న తరువాత నాయిక పాత్రకు జయా భాదురీ ఒప్పుకున్నారు. కథలో నాయికకు పెద్దగా పని లేదని తెలిసి, అప్పటికే పేరున్న నటి అయి కూడా ఆమె ఒప్పుకోవడం ఆ చిత్రానికి కొండంత అండ.

1973 మే 11న చిత్రం విడుదలైంది. పోలీసు స్టేషన్ ఘట్టం ఒక్కసారి గుర్తు చేసుకోండి. షేర్ ఖాన్‌గా ప్రాణ్ లోపలికి వస్తాడు. ప్రాణ్ అప్పటికి పరిశ్రమలో ఇరవై ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న నటుడు, ప్రేక్షకులకు ఈ కుర్రవాడికంటే ఎంతో పెద్ద ఆకర్షణ. కుర్చీలో కూర్చోబోతుంటే విజయ్ ఆ కుర్చీని కాలితో తన్నేస్తాడు. పెద్ద నటుడి ముందు చిన్న నటుడు తగ్గాల్సిన చోట తగ్గలేదు, గొంతు మాత్రం పెద్దగా పెంచలేదు. 'ఆనంద్'లో మౌనంగా దాచిన కోపం, 'పర్వానా'లో కనిపించిన ప్రమాదకరమైన నిశ్చలత, 'బాంబే టు గోవా'లోని నిబ్బరం ఆ ఒక్క ఘట్టంలో కలిశాయి. అందువల్లనే దాన్ని అద్భుతం అనడానికి నాకు మనసొప్పదు. ఆ నటుడు అప్పటికే ముక్కలు ముక్కలుగా తెర మీద ఉన్నాడు, సలీం-జావేద్ ఆ ముక్కలు అతికే కథ రాశారు. పోస్టర్ల మీద తమ పేర్లు లేవని ఒక పెయింటరుతో బొంబాయి గోడల మీది పోస్టర్లన్నిటి మీద పేర్లు వేయించుకున్న రచయితలు వాళ్లు. ఆ గర్వానికి వాళ్లు అర్హులే.

విడుదలైన మూడు వారాలకు, జూన్ 3న, అమితాబ్, జయల వివాహం జరిగింది.

తెలుగు ప్రేక్షకులకు ఆ కథ మరుసటి ఏడాదే, 1974లో, 'నిప్పులాంటి మనిషి'గా వచ్చింది. ఎస్.డి. లాల్ దర్శకత్వం, ఎన్.టి. రామారావు గారు నాయకుడు, ప్రాణ్ పాత్రలో కైకాల సత్యనారాయణ గారు. తరువాత 'దీవార్' కూడా రామారావు గారితోనే 'మగాడు'గా వచ్చింది. హిందీలో అగ్రనటులకు పొసగని కథను ఇక్కడ అగ్రనటుడే తీసుకున్నారు. అప్పటికి అది ఆడుతుందని రుజువైపోయింది కాబట్టి పంపిణీదారులకు భయం లేదు. రుజువు కాకముందు ఆ సాహసం చేయడానికి కోల్పోయేది ఏమీ లేని నటుడు కావలసి వచ్చింది.

ఇక్కడితో కథ సుఖాంతమైందని చాలా వ్యాసాలు ముగిస్తాయి. దయచేసి మీరు అలా ముగించకండి. 'జంజీర్' తెల్లవారి ఆయన అగ్రనటుడు అయిపోలేదు. దానికి మరో రెండేళ్లు పట్టింది. 1973లో అన్నిటికంటే ఎక్కువ వసూలు చేసింది 'బాబీ', అంటే పదహారేళ్ల పిల్లల ప్రేమకథ. ఆ ఏటి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటుడి పురస్కారం కూడా దానికే, రిషి కపూర్‌కు వెళ్లింది. 'అభిమాన్' బాగా ఆడింది గాని అందరూ పొగిడింది ముందుగా జయను, ఎస్.డి. బర్మన్ పాటలను. నూతన్‌తో చేసిన 'సౌదాగర్'లో ఆయన ఈతబెల్లం అమ్ముకునే స్వార్థపరుడైన మోతీ. బెల్లం చక్కగా వండుతుందని ఒక వితంతువును పెళ్లాడి, ఆమె కష్టంతో డబ్బు కూడబెట్టి, ఆ డబ్బుతో పడుచు పిల్లను తెచ్చుకుని మొదటి ఆమెను వదిలేస్తాడు. ఆస్కార్‌కు భారతదేశం పంపిన చిత్రం అది. వసూళ్లు రాలేదు. నా దృష్టిలో ఆ తొలి దశలో ఆయన చేసిన అత్యంత ధైర్యమైన పని అదే, దాని గురించి ఎవరూ తగినంతగా మాట్లాడరు.

ఆ సంవత్సరం చివరలో 'నమక్ హరామ్' వచ్చింది. ఒప్పందాలు జరిగిన నాటికి అది రాజేశ్ ఖన్నా చిత్రం. తన మిత్రుడిని కొట్టినవాడెవడో బయటికి రమ్మని కార్మికుల బస్తీలో విక్కీగా అమితాబ్ ఒంటరిగా నిలబడి అరిచే ఘట్టం చూసి హాలు నుంచి బయటికి వచ్చిన ప్రేక్షకులు మాత్రం అమితాబ్ గురించే మాట్లాడుకున్నారు. రెండోసారి ఫిల్మ్‌ఫేర్ సహాయ నటుడి పురస్కారం వచ్చింది. గమనించండి, 'జంజీర్' తరువాత కూడా వచ్చింది సహాయ నటుడి పురస్కారమే. 1974లో 'కసౌటీ', 'బేనామ్', 'మజ్‌బూర్' వచ్చాయి, వీటిలో చెప్పుకోదగినట్టు నిలబడింది సలీం-జావేద్ రాసిన 'మజ్‌బూర్'. ఆ ఏడాది అత్యధిక వసూళ్లు సాధించిన 'రోటీ కప్‌డా ఔర్ మకాన్'లో ఆయన మనోజ్ కుమార్‌కు తమ్ముడు మాత్రమే.

1975 జనవరిలో 'దీవార్', ఆగస్టు 15న 'షోలే'. 'దీవార్' నిర్మాత గుల్షన్ రాయ్ మనసులో మొదట ఉన్నది రాజేశ్ ఖన్నా. ఈ పాత్ర అమితాబ్ చేయాల్సిందేనని రచయితలు పట్టుబట్టారు. ఇక 'షోలే' పేర్ల పట్టిక చూడండి. ధర్మేంద్ర, సంజీవ్ కుమార్, హేమమాలిని పేర్ల తరువాత నాలుగో పేరు ఆయనది. ఆ చిత్రం షూటింగ్ కర్ణాటకలోని రామనగరం దగ్గర 1973 అక్టోబరులో మొదలైంది. అంటే 1975లో తెర మీద మనం చదివే ఆ వరుస 1973 నాటి మార్కెట్ విలువను చెబుతోంది. ఒప్పందం తేదీ ముఖ్యమని పైన అన్నాను, దానికి ఇంతకంటే స్పష్టమైన ఆధారం ఉండదు. ఉత్తమ నటుడిగా ఆయనకు తొలి ఫిల్మ్‌ఫేర్ పురస్కారం 1977 నాటి 'అమర్ అక్బర్ ఆంథోనీ'కి గాని రాలేదు.

నేను బుకింగ్‌లోకి వచ్చేనాటికి ఆయన పేరుంటే చాలు, థియేటరు యజమానులు అడ్వాన్సు పట్టుకుని ఆఫీసు బయట కూర్చునేవారు. అప్పుడు మా కార్యాలయంలో జరిగిన ఒక పని చెబుతాను. తొలి రోజుల్లో పోయిన ఆయన చిత్రం ఒకటి మళ్లీ విడుదలకు తెచ్చి, అసలు పోస్టరులో మూలన ఉన్న ఆయన బొమ్మను నడిమధ్యకు తెచ్చి కొత్తగా అచ్చు వేశారు. మొదటి వారం మార్నింగ్ షోలు నిండాయి. రెండో వారానికి పడిపోయాయి. అదే పద్ధతిలో తెచ్చిన 'ఆనంద్' మాత్రం ఎన్నిసార్లు వేసినా ఆడింది. ప్రేక్షకుడు ముఖం చూసి టికెట్టు కొంటాడు గాని, ఆ ముఖానికి తగిన పని లేకపోతే రెండో వారం రాడని ఆ పట్టీల్లో అంకెలతో సహా కనిపించేది. తొలి విడుదలలో ఆ చిత్రం పోవడానికి కారణం ఆయన మార్కెట్ లేకపోవడం ఒక్కటే అయితే, మార్కెట్ వచ్చాక అది నిలబడాల్సింది కదా.

ఇవాళైతే అన్ని అవకాశాలు వస్తాయా అని కూడా అడిగారు. అప్పుడు ఏడాదికి ఆరేడు చిత్రాలు ఒకేసారి చేయడం మామూలు కాబట్టి ఒకటి పోయేలోపు మరో రెండు షూటింగ్‌లో ఉండేవి. ఫలితం తెలిసేలోపే తరువాతి ఒప్పందం అయిపోయేది. అయినా 'దునియా కా మేలా' లాంటి చిత్రం నుంచి ఆయనను మధ్యలో తప్పించి సంజయ్ ఖాన్‌ను పెట్టుకున్నారు కూడా. ఇప్పుడు నటుడు ఏడాదికి ఒకటో రెండో చేస్తాడు, మూడు రోజుల్లో ఫలితం దేశమంతా తెలిసిపోతుంది. మూడు పరాజయాల తరువాత నాలుగోది దొరకడం ఇప్పుడే ఎక్కువ కష్టం.

వ్యాసం రాసే ముందు ఈ చిత్రాలను ఈ వరుసలో చూడండి: 'ఆనంద్', 'పర్వానా', 'బాంబే టు గోవా', 'బంధే హాథ్', 'జంజీర్', 'సౌదాగర్', 'నమక్ హరామ్'. పోయినదాన్ని కూడా కావాలనే చేర్చాను, 'బంధే హాథ్' చూశాక గాని 'జంజీర్'లో ఏం తీసేశారో తెలియదు. పరాజయాల సంఖ్య రాయాల్సి వస్తే, ఏ పాత్రలను లెక్కపెట్టారో పక్కనే చెప్పండి. అతిథి పాత్రలను, 'సాత్ హిందుస్తానీ'ని విడిగా ఉంచండి.